యానిమేషన్ నేర్చుకుంటూ ఫీడ్‌బ్యాక్ కోసం తిరిగిన చోట్లు: చాలాకాలం వాడి చూశాక

హనుమకొండలో ఇంట్లో కూర్చుని బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో క్యారెక్టర్ యానిమేషన్ నేర్చుకునేవాళ్లకు సాఫ్ట్‌వేర్ కొరత లేదు. బ్లెండర్ ఉచితం. మంచి రిగ్‌లు, అంటే కదిలించడానికి సిద్ధంగా ఉన్న బొమ్మలు, ఉచితంగానే దొరుకుతాయి. పాఠాలకు యూట్యూబ్ ఉండనే ఉంది. దొరకనిదల్లా చేసిన షాట్ చూసి ఎక్కడ తేడా కొడుతోందో చెప్పే మనిషి. హైదరాబాద్‌లో స్టూడియోలో చేరినవాళ్లకు సీనియర్లు ఉంటారు, డైలీస్‌లో, అంటే రోజువారీ రివ్యూలో, షాట్ పెడితే సూపర్‌వైజర్ చూస్తాడు. కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు రైలెక్కితే రెండు గంటల పైచిలుకే కావచ్చు, కానీ ఒక బంతి ఎగిరే షాట్ చూపించడానికి ఎవరూ రైలెక్కరు. అందుకే ఇక్కడే ఉండి ఫీడ్‌బ్యాక్ కోసం నేను వాడినవన్నీ, ఏది ఎంతవరకు పనికొచ్చిందో, రాస్తున్నాను. వీటిలో కొన్నిటికి డబ్బు కట్టాను, కొన్ని ఊరికే దొరికాయి. ధరకూ ఉపయోగానికీ అన్నిచోట్లా పొంతన లేదు.

ఇన్‌స్టిట్యూట్ సంగతి ముందు చెప్పేస్తాను, ఎక్కువ చెప్పడానికి ఏమీ లేదు కనుక. నేను చేరినచోట సాఫ్ట్‌వేర్ బాగానే నేర్పారు. మెనూలు, షార్ట్‌కట్‌లు, లైటింగ్, రెండర్ సెట్టింగ్‌లు అక్కడే వచ్చాయి. కానీ ఒక సార్, గది నిండా పిల్లలు. మన సిస్టమ్ దగ్గరికి వచ్చేసరికి షాట్ ఒకసారి ప్లే చేసి "పర్లేదు, రెండర్ పెట్టెయ్" అనేవారు. ఆయన్ని తప్పు పట్టను, అంత టైమ్ లేదాయనకు. సాఫ్ట్‌వేర్ కోసం చేరండి, ఫీడ్‌బ్యాక్ కోసం మాత్రం చేరకండి.

తర్వాత వాట్సాప్ గ్రూపులు. ఇక్కడ షాట్ పెడితే పావుగంటలో "సూపర్ బ్రో", మూడు నిప్పు బొమ్మలు, నాలుగు బొటనవేళ్లు వస్తాయి. మనసుకు హాయిగా ఉంటుంది, షాట్‌లో మాత్రం ఏమీ మారదు. చాలామంది ఇక్కడే విసిగిపోయి గ్రూపు వదిలేస్తారు. నేను వదల్లేదు, ఎందుకంటే అడిగే తీరు మార్చాక అవే గ్రూపుల్లో జవాబులు మారాయి. "ఎలా ఉంది?" అంటే "బాగుంది" అనే అంటారు, అది మన మర్యాద. అదే "ఈ బంతి రబ్బరుదా, ఇనుప గుండా? చూడగానే ఏమనిపించింది?" అని అడిగితే జనం నిజంగా చూసి చెబుతారు. ఒకరు "బెలూన్ లాగుంది" అన్నారు. నేను చేసింది క్రికెట్ బంతి. ఆ ఒక్క ముక్క వంద లైకుల కంటే విలువైనది.

ఇంకో రెండు జాగ్రత్తలు ఇక్కడే చెప్పాలి. వాట్సాప్‌లో వీడియోను మామూలుగా పంపితే కుదించేస్తుంది, వేగంగా కదిలే చెయ్యి మసకబారిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. రెండోది, ఫ్రేమ్ నంబర్ వీడియో మీదే కనిపించాలి. బ్లెండర్‌లో అవుట్‌పుట్ ట్యాబ్‌లో మెటాడేటా కింద 'బర్న్ ఇన్‌టు ఇమేజ్' అనే గడి ఉంటుంది. దానికి టిక్ పెడితే ప్రతి ఫ్రేమ్ మీదా దాని నంబర్ పడుతుంది. ఆ తర్వాత "మధ్యలో ఎక్కడో అదోలా ఉంది" అనేవాళ్లే "28 దగ్గర ఆగినట్టుంది" అని రాయడం మొదలుపెడతారు. చూసేవాళ్లకూ చెప్పడం సులువవుతుంది పాపం.

ఆ 28 సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఫీడ్‌బ్యాక్‌లో ఎక్కువ తక్కువలు దాంతోనే తెలుస్తాయి. బంతి ఎగిరే షాట్ అందరూ మొదట చేసేదే. సెకనుకు 24 ఫ్రేములు. ఫలానా ఫ్రేములో బంతి ఎక్కడుండాలో చెప్పే గుర్తును కీ అంటారు. పైన ఒక కీ, నేల మీద ఒక కీ, మళ్లీ పైన ఒక కీ పెడితే సాఫ్ట్‌వేర్ వాటి మధ్య కదలికను చూపే గీతను, అంటే కర్వ్‌ను, తనంతట తానే నున్నగా గీసుకుంటుంది. అంటే బంతి నేలను తాకే ముందు మెల్లబడుతుంది. నిజంలో జరిగేది దీనికి పూర్తిగా రివర్స్. కిందికి పడే వస్తువు వేగం పెరుగుతూనే పోతుంది, నేలను తాకే క్షణంలోనే అన్నిటికంటే ఎక్కువ వేగం ఉంటుంది. గ్రూపులో ఒకరు "తేలుతోంది" అన్నారు, అది లక్షణం. ఇంకొకరు "కొంచెం స్పీడ్ పెంచు" అన్నారు, అది తప్పు మందు, ఎంత పెంచినా తేలడం పోదు. ఈ కర్వ్‌లను సరిచేసే గ్రాఫ్ ఎడిటర్ తెలిసిన ఒకరు మాత్రం "నేల మీది కీ దగ్గర కర్వ్ గిన్నెలా గుండ్రంగా ఉంది, వి నొక్కి హ్యాండిల్‌ను వెక్టర్ చెయ్యి, కోణంలా మొనదేలాలి" అన్నారు. చేయగానే బంతికి బరువు వచ్చింది. లక్షణం చెప్పేవాళ్లు చాలామంది దొరుకుతారు, కారణం చెప్పేవాళ్లు తక్కువ. లక్షణం చెప్పినవాళ్లను కూడా పోగొట్టుకోవద్దు, కాకపోతే వాళ్లు చెప్పే మందు వాడొద్దు.

వీడియో మీద ఫ్రేమ్ ఫ్రేమ్‌కూ గీసి, పక్కన కామెంట్ రాసే రివ్యూ సైట్లు ఉన్నాయి. బ్రౌజర్‌లోనే నడుస్తాయి. చాలాకాలం ఒకటి వాడాను. లింక్ పంపితే చాలు, చూసేవాళ్లు భుజం ఎక్కడుండాలో ఎర్రగీతతో గీసి చూపిస్తారు. మాటల్లో పది లైన్లు రాసేది ఒక్క గీతలో అయిపోతుంది. నచ్చని సంగతి ఒకటుంది. ఫ్రేమ్ ఆపి చూడటం సులువు కావడంతో అందరూ ఆపి ఆపి చూస్తారు. వేలు వంపు, కనురెప్ప, ఇలాంటి చిన్నవాటి మీద కామెంట్లు కుప్పలుగా పడతాయి. షాట్‌ను మామూలు వేగంలో ఒక్కసారి కూడా చూడకుండా గీసేవాళ్లూ ఉన్నారు. అందుకని లింక్‌తో పాటే "ముందు ఆపకుండా రెండుసార్లు చూడండి" అని రాసి పంపుతాను. నెట్ సరిగా లేనిరోజున బ్లెండర్‌లోనే అన్నొటేట్ టూల్ ఉంది, మన షాట్ మీద మనమే గీసుకోవచ్చు. వీఎల్‌సీలో 'ఇ' నొక్కితే ఒక్కో ఫ్రేమ్ ముందుకు కదులుతుంది. రిఫరెన్స్ వీడియో చూడటానికి నాకు ఇదే చాలు.

ఇక డబ్బు కట్టింది. విదేశంలో స్టూడియోలో పనిచేసే ఒక యానిమేటర్ దగ్గర నెలవారీ మెంటార్‌షిప్ తీసుకున్నాను. వారానికొక షాట్ పంపితే, దాని మీద గీస్తూ మాట్లాడుతూ రికార్డు చేసిన వీడియో తిరిగి వస్తుంది. నెలకోసారి లైవ్, అది మనకు అర్ధరాత్రి. ఫీజు ఇక్కడి జీతాలతో చూస్తే బరువే.

అయినా నేను వాడినవాటిలో ఎక్కువ నేర్పింది ఇదే. మొదటి షాట్‌కే ఆయన చేసిన పని చూడండి. నడక పంపాను. ఆయన చేతులు, తల కనిపించకుండా దాచేశారు. నడుము, కాళ్లు మాత్రమే ఉంచి ప్లే చేశారు. పాదం ఆనే పోజు, కిందికి దిగే పోజు, కాళ్లు దాటుకునే పోజు, పైకి లేచే పోజు, ఈ నాలుగింటిలో నడుము ఎత్తు ఎంతుందో చుక్కలు పెట్టి కలిపారు. గీత దాదాపు తిన్నగా వచ్చింది. నడుము కిందికి దిగకపోతే కాలికి బరువు పడ్డట్టు కనిపించదని అప్పుడు కళ్లకు కట్టింది. వెనక కాలి మోకాలు ఒకే ఒక్క ఫ్రేములో టక్కున మడత పడుతోంది. అది మోకాలి సమస్య కాదన్నారు, నడుము మరీ పైన ఉండి కాలు పూర్తిగా సాగిపోవడం వల్ల వస్తోందన్నారు. నడుము కాస్త దించగానే మోకాలు దానంతటదే సర్దుకుంది. చేతుల గురించి ఆ వారం ఒక్క మాట కూడా చెప్పలేదు. నడుము కుదరకుండా చేతులు సరిచేస్తే మళ్లీ చెయ్యాల్సి వస్తుందని ఆయన లెక్క.

ఆయన పెట్టిన ఇంకో పద్ధతి, షాట్‌ను బ్లాకింగ్‌లోనే చూపించడం. అంటే ముఖ్యమైన పోజులు మాత్రమే పెట్టి, మధ్యలో కదలిక లేకుండా, ఒక పోజు నుంచి ఇంకో పోజుకు టకటకా మారుతున్న దశలో. చూడటానికి వికారంగా ఉంటుంది, ఎవరికీ చూపించబుద్ధి కాదు. కానీ మార్చడానికి నిమిషాలు చాలేది ఆ దశలోనే. అంతా నున్నగా చేశాక పోజు తప్పని తెలిస్తే కీలన్నీ కదిలించాలి, అప్పటికి ఆ షాట్ మీద ప్రేమ కూడా పెరిగిపోయి ఉంటుంది. నున్నగా చేసి తెచ్చిన షాట్ల మీద ఆయన తక్కువే మాట్లాడేవారు, ఇప్పుడు చెప్పి లాభం లేదని.

ఆయన చూడలేనివి కూడా ఉన్నాయి. తెలుగు డైలాగుతో ఒక షాట్ చేసినప్పుడు ఇది తెలిసింది. ప, బ, మ దగ్గర పెదాలు మూసుకోవాలి, శబ్దం కంటే ఒకటి రెండు ఫ్రేములు ముందే మూసుకోవాలి. ఇది ఏ భాషకైనా ఒకటే, ఆయన బాగా పట్టుకున్నారు. కానీ తెలుగులో వాక్యం ఎక్కడ తూగుతుంది, "అవునా?" అని సాగదీసేటప్పుడు గడ్డం ఎటు కదులుతుంది, పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు తల ఎంత దించుతారు, ఇవి ఆయనకు తెలిసే వీల్లేదు. వాటిని మా వంటింట్లో చూపించాను. శబ్దం ఆపేసి ప్లే చేసి "ఈమె కోపంగా ఉందా, బతిమాలుతోందా?" అని అడిగాను. అమ్మకు యానిమేషన్ గురించి ఏమీ తెలియదు. కానీ "బతిమాలేదానికి అంత మెడ నిలబెట్టదు" అంది. ఆ మెడ మార్చాను.

అన్నిటికంటే ఎక్కువ చెప్పాలనుకున్నది వరంగల్‌లోని ఎనుమాముల వ్యవసాయ మార్కెట్ గురించి. బరువు మోసే షాట్ ఒకటి చెయ్యాల్సి వచ్చింది. ఫిబ్రవరి, మార్చిల్లో ఆ యార్డు నిండా మిర్చి బస్తాలే, ఘాటుకు దగ్గు ఆగదు. హమాలీలు ఒక్కో బస్తా నలభై కిలోల పైనే ఉండేది వీపు మీద వేసుకుని పొద్దుటి నుంచి నడుస్తూనే ఉంటారు. అడిగి, సరే అన్నాక, పక్క నుంచి, నడుము ఎత్తులో ఫోన్ పెట్టి, పాదాలు పూర్తిగా కనపడేలా వీడియో తీసుకున్నాను. అప్పటికే చేసిన బ్లాకింగ్ ఫోన్‌లో ఉంటే టీ తాగే టైమ్‌లో ఒక పెద్దాయనకు చూపించాను. అందులో మనిషి ఒక్కడే వంగి, బస్తా లేపి, వీపు మీదికి ఎత్తుకుని, మెల్లగా అడుగులు వేస్తాడు.

ఆయన రెండోసారి చూసి, "గట్ల లేవదు బిడ్డా. ఒక్కడే ఎత్తుకుంటే నడుం ఇరుగుతది. ఇద్దరు పట్టి పెడ్తరు, మేం వీపు ఇస్తం, అంతే" అన్నాడు. నడక చూసి ఇంకో మాట అన్నాడు. "బరువుంటే మెల్లగ నడుస్తమా? ఎంత సేపు మోస్తే అంత బరువైతది. జల్ది పోవాలె. అడుగు లేవదు, నేలను రాసుకుంటనే పోతది."

నేర్చుకునేవాళ్లలో చాలామంది బరువు అనగానే నడకను మెల్లగా చేస్తారు. మామూలు నడకకు అడుగుకు 12 ఫ్రేములు అనుకుంటే, బరువు ఉంటే 16 అని పెంచుతారు. ఆయన చెప్పింది దీనికి ఎదురు. వీడియో తీసి ఫ్రేములు లెక్కపెడితే నిజంగానే అడుగులు పొట్టిగా, తొందరగా పడుతున్నాయి. మోకాళ్లు ఎక్కడా పూర్తిగా నిటారు కావు. పాదం నేలకు అంగుళం మీద కూడా లేవదు. తల దాదాపు ఊగదు. బస్తా దింపాక ముందు నడుము లేస్తుంది, తర్వాత భుజాలు, అందరికంటే చివర తల. ఇవేవీ నాకు ఏ ట్యుటోరియల్‌లోనూ దొరకలేదు.

అడుగుకు 10 ఫ్రేములు పెట్టి మళ్లీ చేసి మెంటార్‌కు పంపాను. "బరువుకు ఇది మరీ వేగం" అన్నారు. ఎనుమాముల వీడియో పంపాను. చూసి, వేగం అలాగే ఉంచమన్నారు. కానీ పాదం ఆనాక కిందికి దిగిన పోజును ఇంకో ఫ్రేము పట్టుకోమన్నారు, అప్పుడే తెర మీద బరువు చదవగలుగుతామని. ఆ ఒక్క ఫ్రేము పెట్టగానే షాట్ నిలబడింది. ఏం జరుగుతుందో పెద్దాయనకు తెలుసు, అది చూసేవాళ్లకు ఎలా కనిపించాలో మెంటార్‌కు తెలుసు. ఒకరి పని ఇంకొకరిని అడిగితే లాభం లేదు. హమాలీని కర్వ్ గురించి అడగలేం, మెంటార్‌ను మిర్చి బస్తా గురించి అడగలేం.

ఇద్దరు ముగ్గురు వేర్వేరుగా చెప్పినప్పుడు టెన్షన్ పడతారు కొత్తవాళ్లు. నేను చేసేది ఇది. ముగ్గురూ ఒకే ఫ్రేము దగ్గర ఆగారా అని చూస్తాను. చెప్పిన మందులు వేరైనా ఆగిన చోటు ఒకటే అయితే తేడా అక్కడే ఉన్నట్టు. కారణం గ్రాఫ్‌లో నేనే వెతుక్కుంటాను.

డబ్బు సంగతికి వస్తే, మెంటార్‌షిప్ ఏడాది పొడవునా అక్కర్లేదు. నేనిప్పుడు వరసగా నెలలు కట్టడం మానేశాను. షాట్ బ్లాకింగ్ వరకు సొంతంగా తెచ్చుకుని, గ్రూపులో అడిగి, ఆ కదలిక తెలిసినవాళ్లకు చూపించి, అప్పుడు ఒక నెల కడతాను. బంతి, లోలకం దశలో ఉన్నవాళ్లు అసలు కట్టొద్దు, ఆ తప్పులు గ్రూపులోనే దొరికిపోతాయి. నడక దాటి, మనిషి ఏదో అనుకుంటున్నట్టు కనిపించాల్సిన షాట్లకు వచ్చాక కట్టండి. కట్టే ముందు రికార్డు చేసిన రివ్యూ ఒకటి నమూనాగా చూపించమని అడగండి. అందులో ఆ మనిషి వీడియో మీద గీస్తున్నాడా, ఊరికే మాట్లాడుతున్నాడా చూసుకోండి. గీయనివాళ్లకు నేనైతే కట్టను.