ఇన్కా ట్రయల్ బుక్ చేస్తున్నారా? పర్మిట్ మీద మీ పేరు కళ్ళారా చూడందే పూర్తి డబ్బు కట్టొద్దు

పెరూలో కొండల మీదున్న ఇన్కాల పాత నగరం మాచు పిచ్చుకి నాలుగు రోజులు నడిచి వెళ్ళే ఇన్కా ట్రయల్ ఉంది కదా, ఆ ట్రెక్‌కి ప్లాన్ చేసుకుంటున్నవాళ్ళు, ముఖ్యంగా మాలాగా అమెరికాలో ఉద్యోగం చేసుకుంటూ ఏడాది సెలవులన్నీ దాచుకుని వెళ్ళేవాళ్ళు, అడ్వాన్స్ కట్టే ముందు దయచేసి ఇది చదవండి. జూన్‌లో నేను, మా ఆవిడ, మా బావమరిది వెళ్ళొచ్చాం. మనిషికి 540 చొప్పున ముగ్గురికీ 1,620 డాలర్లు ఇచ్చాం. ఇన్కా ట్రయల్ మీద ఒక్క అడుగు కూడా వేయకుండా తిరిగొచ్చాం. డబ్బు సంగతి అలా ఉంచండి, ఒక రాత్రి మా బావమరిది ప్రాణం మీదికి వచ్చింది.

ఏజెన్సీ కుస్కో నగరంలోనిది. పేరు రాయడం లేదు. ఆ ఒక్క పేరు గుర్తుపెట్టుకుంటే చాలనుకుంటారని నా భయం. అదే పని ఇంకో బోర్డు కింద జరగొచ్చు. ఎలా నమ్మించారో తెలిస్తేనే మీకు ఉపయోగం.

అసలు ఆ దారికి ఉన్న పద్ధతి ఇదీ. రోజుకి 500 మందినే లోపలికి వదులుతారు. అందులో యాత్రికులు సుమారు 200 మంది, మిగతావాళ్ళు గైడ్లు, వంటవాళ్ళు, సామాను మోసే పోర్టర్లు. సొంతంగా వెళ్తానంటే కుదరదు, లైసెన్స్ ఉన్న ఏజెన్సీ ద్వారానే వెళ్ళాలి. పర్మిట్ మీ పేరు మీద, మీ పాస్‌పోర్ట్ నంబర్ మీద వస్తుంది. ఒకరిది ఇంకొకరికి మార్చరు. ఫిబ్రవరి నెలంతా దారి మూసేస్తారు. వానలు లేని మే నుంచి ఆగస్టు దాకా తేదీలు ఎన్నో నెలల ముందే అయిపోతాయి.

మేము జూన్ తేదీలకి ఏప్రిల్‌లో అడిగాం. నాలుగు ఏజెన్సీలు లేవని మర్యాదగా జవాబిచ్చాయి. ఒకరైతే వచ్చే ఏడాదికి పెట్టుకోమని సలహా కూడా ఇచ్చారు. ఐదో ఏజెన్సీ మాత్రం గంటలో "ఉన్నాయి సార్" అని వాట్సాప్ పెట్టింది. నలుగురు లేవన్నది ఐదోవాడి దగ్గర ఎలా వచ్చిందని నేను అప్పుడే అడగాల్సింది. దొరికాయన్న సంతోషంలో అడగలేదు.

వాళ్ళ సైట్లో ఫొటోలన్నీ ఇన్కా ట్రయల్‌వే. దారిలోని విన్యాయ్ వైనా శిథిలాల మెట్ల పొలాలు, ఇంతి పుంకు (సూర్య ద్వారం) దగ్గర సూర్యోదయం, అన్నీ ఉన్నాయి. మాకు పంపిన కాగితం మీద మాత్రం "ఇన్కా ట్రెక్ టు మాచు పిచ్చు, 4 రోజులు" అని ఉంది. ట్రయల్ అనే మాట ఎక్కడా లేదు. పర్మిట్ కలిపేనా అని అడిగితే "ఎంట్రన్స్ అన్నీ కలిపే" అన్నారు. ఎంట్రన్స్ అంటే మాచు పిచ్చు టికెట్, పర్మిట్ అంటే దారి మీద నడిచే అనుమతి. రెండూ వేరు. నేను అడిగింది ఒకటి, వాళ్ళు ఒప్పుకున్నది ఇంకొకటి. వాట్సాప్ మెసేజ్‌లు ఇప్పుడు తిరిగి చదువుకుంటే ప్రతి జవాబూ ఆచితూచి రాసిందేనని తెలుస్తోంది.

అడ్వాన్స్ 600 కార్డు మీద కట్టాం. మిగతా 1,020 కుస్కోలో నగదుగా ఇవ్వాలన్నారు. బయల్దేరే ముందు రోజు మధ్యాహ్నం ఆఫీసుకి పిలిచి నోట్లు లెక్కపెట్టుకున్నారు. ఒక ఇరవై డాలర్ల నోటు అంచు కాస్త చిరిగితే తిప్పి ఇచ్చేశారు (పెరూలో చిరిగిన డాలర్లు ఎవరూ తీసుకోరు, అది మాత్రం వాళ్ళ తప్పు కాదు). సాయంత్రం ఏడింటికి బ్రీఫింగ్‌కి రమ్మన్నారు. టేబుల్ మీద మ్యాప్ పరిచి వేలు పెట్టి చూపిస్తున్న ఊరు మొయెపాతా. ఇన్కా ట్రయల్ మొదలయ్యేది ఉరుబాంబా నది పక్కన, రైలు మార్గంలో కిలోమీటర్ 82 దగ్గర. ఆ ట్రయల్ మ్యాప్ నాకు కంఠతా వచ్చు. ఇదేంటని అడిగితే, గవర్నమెంట్ సిస్టంలో సమస్య వచ్చి పర్మిట్లు రద్దయ్యాయనీ, మొయెపాతా నుంచి మాచు పిచ్చు వైపు పోయే సల్కంతాయ్ అనే ఇంకో దారి ఇంతకంటే అందంగా ఉంటుందనీ అన్నారు. రద్దయిన పర్మిట్లు చూపించమంటే చూపించలేదు. డబ్బు వెనక్కి ఇమ్మంటే, "రూటు మార్చే హక్కు కంపెనీకి ఉంది" అన్న చిన్న అక్షరాల లైను చూపించారు. వ్యాను తెల్లవారుజామున నాలుగున్నరకి. సెలవులు పెట్టేశాం, విమానం డబ్బులు పోశాం. ఆ రాత్రి ముగ్గురం హోటల్ గదిలో కూర్చుని, ఇంత దూరం వచ్చాక వెనక్కి ఎలా పోతామని ఒప్పేసుకున్నాం.

సల్కంతాయ్ చెడ్డ దారి అనడం లేదు. తెల్లటి మంచు కొండ కిందుగా నడిచే గొప్ప దారి అది, కావాలని దాన్నే ఎంచుకునేవాళ్ళు ఎందరో ఉన్నారు. దానికి రోజుకి ఇంతమందే అన్న పర్మిట్ లేదు, అందుకే ఎప్పుడైనా దొరుకుతుంది, ధర కూడా తక్కువ. ఆ ధర సరుకుని ఇన్కా ట్రయల్ అని అమ్మడమే మోసం. మేము వెళ్ళింది శిథిలాల కోసం. ఇన్కా ట్రయల్‌లో పటల్లక్తా, రుంకురకాయ్, సయక్‌మార్కా, ఫుయుపటమార్కా, విన్యాయ్ వైనా ఒకదాని తర్వాత ఒకటి దారిలోనే తగులుతాయి. ఇన్కాలు పరిచిన రాళ్ళ మెట్ల మీదే నడుస్తాం. ఆఖరి రోజు సూర్య ద్వారం నుంచి మాచు పిచ్చులోకి దిగుతాం. మా ఆవిడ అక్కడి కెచువా భాషలో ఉన్న ఆ పేర్ల అర్థాలన్నీ నేర్చుకుంది. ఫుయుపటమార్కా అంటే మబ్బుల పైనున్న ఊరు, విన్యాయ్ వైనా అంటే నిత్య యౌవనం. మొయెపాతా వైపు పోయే వ్యానులో తను ఒక్క మాట మాట్లాడలేదు.

ఇక అంత ఎత్తు వల్ల ఆరోగ్యానికి వచ్చే ముప్పు సంగతి. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఇన్కా ట్రయల్‌లో మొదటి రాత్రి సుమారు 3,000 మీటర్ల దగ్గర పడుకుంటాం, అన్నిటికంటే ఎత్తైన కనుమ వార్మివన్యుస్కా 4,215 మీటర్లు. సల్కంతాయ్‌లో మొదటి రాత్రే సొరాయ్‌పంపాలో, దాదాపు 3,900 మీటర్ల మీద. రెండో రోజు కనుమ 4,600 దాటుతుంది. మేము 3,400 మీటర్ల కుస్కోలో రెండు రాత్రులు ఉండి, మా డాక్టర్‌తో ఇన్కా ట్రయల్ ఎత్తులు చెప్పి మందులు రాయించుకున్నాం. రూటు మారిందంటే ఆ లెక్కంతా మారిపోయినట్టే. బ్రీఫింగ్‌లో ఆ మాట ఒక్కరూ ఎత్తలేదు.

సొరాయ్‌పంపాలో రాత్రి పదింటికి మా బావమరిదికి తలనొప్పి, వాంతులు మొదలయ్యాయి. పన్నెండింటికి టెంట్ బయటికి వెళ్ళబోయి తాగినవాడిలా తూలాడు. నడకలో తూలుడు వస్తే ఆలస్యం చేయకుండా కిందికి దించేయాలి, అది మెదడుకి వాపు చేరుతోందనడానికి గుర్తు కావచ్చు. సైట్లో "ప్రతి గ్రూపుకీ ఆక్సిజన్" అని రాశారు. గైడ్ సంచిలో బ్యాండేజీలు, స్పిరిట్, కోకా ఆకులు (ఎత్తు పడకపోతే అక్కడివాళ్ళు వాడేవి) తప్ప ఏమీ లేవు. పొద్దున్నకి తగ్గుతుంది, కోకా టీ ఇవ్వండి అన్నాడు. ఆ కుర్రాడిని కూడా పెద్దగా తప్పుపట్టలేను, అతనికి సిలిండర్ ఇవ్వకుండా పంపించింది ఆఫీసు. వంటతనూ, గుర్రాలతనూ ఆ చలిలో వంట టెంట్‌లో కింద చాపైనా లేకుండా పడుకున్నారు. మనం తక్కువకి దొరికిందని మురిసిపోయే డబ్బు ఎవరి ఒంటి మీద నుంచి మిగులుతోందో నాకు అక్కడ కనిపించింది.

పక్క గ్రూపు గైడ్ లేచి వచ్చి వాళ్ళ ఆక్సిజన్ పెట్టింది, ఫోన్ చేసి కారు పిలిపించింది. అక్కడిదాకా రోడ్డు ఉండబట్టి సరిపోయింది. కనుమ అవతల ఇలా జరిగి ఉంటే ఏం చేసేవాళ్ళమో తల్చుకోవడానికే భయం. ముగ్గురం రాత్రికి రాత్రే మొయెపాతాకి దిగిపోయాం. అంతెత్తు దిగేసరికే వాడి మాటలో తేడా తెలిసింది. మర్నాడు కుస్కోలో డాక్టర్‌కి చూపించాం, రెండు రోజుల్లో కోలుకున్నాడు. మా ట్రెక్ అక్కడితో అయిపోయింది.

తర్వాత మా డబ్బుతో ఒయాంతాయ్‌తాంబో నుంచి రైలెక్కి, ఏజెన్సీ ముందే కొన్న టికెట్ తీసుకుని మాచు పిచ్చుకి వెళ్ళాం. గేటు దగ్గర తెలిసింది, అది సర్క్యూట్ 1 (లోపల తిరిగే దారుల్లో ఒకటి) టికెట్. దానితో పై మెట్ల నుంచి చూడ్డమే, కింద ఊళ్ళోకి దిగనివ్వరు. తిరుమల కొండెక్కి మహాద్వారం నుంచే వెనక్కి తిరిగినట్టయింది. గుళ్ళ మధ్య, ఇళ్ళ మధ్య తిరగాలంటే సర్క్యూట్ 2 గానీ 3 గానీ ఉండాలి.

కాబట్టి ముందు పెరూ సాంస్కృతిక శాఖ టికెట్ల సైట్లో మీ తేదీకి ఖాళీలు ఉన్నాయో లేదో మీరే చూసుకోండి. అక్కడ సున్నా ఉంటే, ఉన్నాయని చెప్పేవాడితో మాటలు పెంచకండి. కాగితం మీద "క్లాసిక్ ఇన్కా ట్రయల్, కిలోమీటర్ 82 నుంచి" అని ఉండాలి. అడ్వాన్స్ కట్టిన కొద్ది రోజుల్లో పర్మిట్ కాపీ అడగండి, అందులో ప్రతి ఒక్కరి పేరూ పాస్‌పోర్ట్ నంబరూ అక్షరం అక్షరం సరిచూసుకోండి. మన ఇంటిపేర్లు పొడుగు, కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుంది, ఏజెంట్లు తోచినట్టు కత్తిరించి టైప్ చేస్తారు. మధ్యలో పాస్‌పోర్ట్ రెన్యూ చేయించుకుంటే వెంటనే చెప్పండి, పాతది కూడా వెంట తీసుకెళ్ళండి. పెరూలో ప్రతి కంపెనీకీ రూక్ అని 11 అంకెల పన్ను నంబర్ ఉంటుంది, అది అడిగి అక్కడి పన్నుల శాఖ సునాత్ సైట్లో వెతికితే ఆ కంపెనీ నడుస్తోందో లేదో తెలుస్తుంది. మాచు పిచ్చు టికెట్ ఏ సర్క్యూటో రాయించుకోండి. బ్రీఫింగ్ అయ్యేదాకా మిగతా డబ్బు ఇవ్వకండి, ఇచ్చేది కార్డు మీదే ఇవ్వండి. ఆక్సిజన్ సిలిండర్ టేబుల్ మీద పెట్టి చూపించమనండి. మొహమాటపడొద్దు. పోర్టర్ల బరువు 20 కిలోలు దాటకూడదన్న నియమం అక్కడ ఉంది, మీ ఏజెన్సీ దాన్ని పాటిస్తుందా అని కూడా అడగండి.

మోసం జరిగిపోతే, అక్కడ ప్రతి దుకాణంలో ఫిర్యాదుల పుస్తకం ఉండి తీరాలి, "లిబ్రో దె రెక్లమసియోనెస్" అంటారు. మాకు పేజీలు అయిపోయాయన్నారు. కుస్కోలో ఐపెరూ అనే పర్యాటక సహాయ కేంద్రానికి వెళ్తే, పుస్తకం ఇవ్వాల్సిందేనని వాళ్ళే చెప్పారు. టూరిస్ట్ పోలీసుని వెంటబెట్టుకుని తిరిగి వెళ్ళేసరికి ఖాళీ పేజీ దొరికింది. రాసి, ఫొటో తీసుకుని, వినియోగదారుల సంస్థ ఇందెకోపికి కూడా పంపాను. అప్పుడు 300 డాలర్లు వెనక్కి ఇచ్చారు. కార్డు మీద కట్టిన 600 గురించి బ్యాంకులో డిస్ప్యూట్ నడుస్తోంది. నగదుగా ఇచ్చిన దాంట్లో మిగతాది ఇక రాదు.

ఆ ఫిర్యాదు నేను స్పానిష్‌లో రాయించుకున్నాను. ఇలాంటి ఇబ్బందిలో ఇప్పుడు కుస్కోలో ఎవరైనా ఉంటే ఒక మెసేజ్ పెట్టండి, పేర్లు, తేదీలు మార్చుకుంటే సరిపోయేలా వెంటనే పంపిస్తాను.