సర్వే ఫామ్ జనానికి చేర్చాలంటే క్యూఆర్ కోడా, వాట్సాప్ లింకా, ఇంటింటికీ తిరగడమా: ఏది మేలు?

మాది కనిగిరి దగ్గర పల్లె. ఇక్కడి ఫ్లోరైడ్ నీళ్ళ సంగతి జిల్లాలో ఎవరికీ కొత్త కాదు, ఎక్కువైతే పళ్ళ మీద గారలు కడతాయి, కీళ్ళు పట్టేస్తాయి. లీటరు నీళ్ళలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్ళు దొరక్కపోతే 1.5 దాకా సరే అని మన దేశపు తాగునీటి ప్రమాణం. ఈ ఎండాకాలం మేం ఐదారుగురం కుర్రాళ్ళం కలిసి ఎవరింట్లో ఏ నీళ్ళు తాగుతున్నారు, క్యాన్లకి నెలకి ఎంత అవుతోంది, మోకాళ్ళు పట్టేసినవాళ్ళు ఎంతమంది, పిల్లల పళ్ళ మీద గారలున్నాయా అని ఒక గూగుల్ ఫామ్ చేశాం. ఫామ్ చెయ్యడం అరగంట పని, అది జనం దగ్గరికి ఎట్టా పోవాలన్నదే అసలు పని.

ముందు క్యూఆర్ బొమ్మ చేసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాం. రెండ్రోజులకి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని జవాబులు కూడా రాలేదు. ఎందుకొస్తాయి, ఇంట్లో ఉండేది ఒక ఫోను, బొమ్మ వచ్చింది ఆ ఫోన్లోకే, మరి దాన్ని దేంతో స్కాన్ చేస్తారు? గూగుల్ లెన్స్‌తో గ్యాలరీలోంచి చదివించొచ్చు, కానీ మా బాబాయిలకీ పిన్నమ్మలకీ అది ఎవరు నేర్పాలి. అందుకే గ్రూపులో పెట్టాలంటే లింకే మేలు, ఒక్కసారి నొక్కితే ఫామ్ తెరుచుకుంటుంది. కాకపోతే గంటకల్లా గుడ్ మార్నింగుల కింద మునిగిపోద్ది, మళ్ళీ మళ్ళీ పెట్టాలి. ఇంకోటి, లింకు మన ఊళ్ళో ఆగదు. హైదరాబాదులో, బెంగళూరులో పనులు చేసుకుంటున్న మన పిల్లలు ఊరి మీద ప్రేమతోనే నింపుతారు, పాపం, కానీ వాళ్ళు తాగేది ఇక్కడి నీళ్ళు కాదు కదా. "ఇప్పుడు ఊళ్ళోనే ఉంటున్నారా" అనే ప్రశ్న మొదట్లోనే పెట్టుకోవాలి, మేం తర్వాత చేర్చాం.

క్యూఆర్ కోడ్ బాగా పనిచేసింది యాడంటే నీళ్ళ ప్లాంటు దగ్గర. 20 లీటర్ల క్యాను నిండేదాకా జనం నిలబడే ఉంటారు, ఫోను చేతిలోనే ఉంటుంది, అంతకంటే మంచి చోటు లేదు. అక్కడ ఎదురైన భయం ఒకటే, "అబ్బాయ్, ఇది స్కాన్ చేస్తే డబ్బులు కట్ అవుతాయా?" అని. తప్పేం లేదు, మన దగ్గర ఆ గళ్ళ బొమ్మ అంటే ఫోన్‌పేనే. పక్కనే ప్లాంటు వాళ్ళ పేమెంట్ స్కానరు కూడా ఉంది. కోడ్ పైన పెద్ద అక్షరాలతో "ఇది నీళ్ళ సర్వే, డబ్బులు కట్టేది కాదు, ఫోన్ కెమెరాతో స్కాన్ చెయ్యండి" అని రాశాక అడగడం తగ్గింది.

కోడ్ చేసుకునేటప్పుడు జాగ్రత్త. ఫ్రీగా చేసిస్తామని చెప్పే ఒక సైట్లో మేం చేసిన కోడ్ కొన్నాళ్ళకి ఆగిపోయింది, అంటించిన కాగితాలన్నీ దండగ. ఆ కోడ్ లోపల ఉన్నది మన ఫామ్ లింకు కాదు, వాళ్ళ లింకు, అక్కడి నుంచి మన ఫామ్‌కి తిప్పుతారు. దాన్నే డైనమిక్ కోడ్ అంటారు. తర్వాత లింకు మార్చుకోవచ్చు, ఎంతమంది స్కాన్ చేశారో తెలుస్తుంది, అది నిజమే, కానీ డబ్బులు కట్టకపోతే వాళ్ళు ఎప్పుడైనా ఆపేయొచ్చు. స్టాటిక్ కోడ్‌లో మన లింకే గళ్ళ రూపంలో ఉంటుంది, ఫామ్ తెరిచి ఉన్నన్నాళ్ళూ పనిచేస్తుంది. ఊరి సర్వేకి స్టాటిక్కే చాలు, క్రోమ్ బ్రౌజర్లో షేర్ నొక్కితే అక్కడే చేసుకోవచ్చు. గూగుల్ ఫామ్‌లోనే లింకు పొట్టిగా చేసే టిక్కు ఉంది, అది పెట్టాకే కోడ్ చెయ్యండి. లింకు పొడుగైతే గళ్ళు ఎక్కువవుతాయి (అడ్డం నిలువు 21 నుంచి 177 దాకా), ఒక్కో గడి సన్నబడి పాత ఫోన్లు చదవలేవు.

ఈ కోడ్‌ని 1994లో జపాన్‌లో డెన్సో వేవ్ వాళ్ళు కార్ల విడిభాగాల లెక్కకి తయారుచేశారు. ఫ్యాక్టరీలో మరకలు పడ్డా చదవగలగాలి కాబట్టి, కోడ్ చేసేటప్పుడు పెట్టుకున్న ఎర్రర్ కరెక్షన్ (చెరిగినదాన్ని సరిదిద్దుకునే) స్థాయిని బట్టి 7 నుంచి 30 శాతం దాకా చెరిగినా చదువుద్ది. ప్లాంటు దగ్గర నీళ్ళు చిమ్ముతాయి గాబట్టి మేం ఎక్కువ స్థాయే పెట్టాం. చుట్టూ తెల్ల అంచు మాత్రం నాలుగు గళ్ళంత వదలాలి, జిరాక్స్ షాపులో అది కోసేస్తారు, దగ్గరుండి చూసుకోండి. లామినేషన్ మీద ఎండ పడితే తళతళా మెరిసి కెమెరాకి అందదు, నీడ పట్టున కట్టండి. ఇంకా, ఏ ప్లాంటు దగ్గర నుంచి వచ్చిందో తెలియాలంటే ఆ చోటు పేరు ముందే నింపిన లింకు తీసుకుని దేని కోడ్ దానికి విడిగా చెయ్యాలి. ఒకరికి ఒకే జవాబు అనే సెట్టింగ్ తీసేశాం, అది ఉంటే జీమెయిల్ లాగిన్ అడుగుద్ది, ఇంటికొక్క ఫోనైతే ఆ ఇంట్లో రెండో మనిషి చెప్పలేరు.

ఇంతా చేశాక జవాబులు తెరిచి చూస్తే మోకాళ్ళ నొప్పులు చెప్పినవాళ్ళు చాలా తక్కువ. మా వీధిలోనే ఎంతమంది కర్ర పట్టుకుని నడుస్తున్నారో నాకు తెలుసు, మరి వాళ్ళు ఏమయ్యారు? నడవలేని మనిషి ప్లాంటు దాకా వచ్చి క్యాను మోసుకెళ్ళదు, ఆమె చేతిలో ఉండేది బటన్ల ఫోను. అంటే కోడ్ లెక్కేసింది క్యాను మొయ్యగలిగినవాళ్ళని, లింకు లెక్కేసింది పెద్ద ఫోను ఉన్నవాళ్ళని, ఎవరి కోసం ఈ సర్వే మొదలుపెట్టామో వాళ్ళు రెండిట్లోనూ లేరు.

అప్పట్నుంచీ ఇంటింటికీ తిరుగుతున్నాం. మా ఫోన్లోనే అదే ఫామ్ తెరిచి వాళ్ళు చెప్తుంటే మేం నింపుతాం, సిగ్నల్ లేని చోట్ల ఫామ్ పంపించలేం కాబట్టి జిరాక్స్ కాగితాలు కూడా పట్టుకుపోతున్నాం, రాత్రికి కూర్చుని ఎక్కిస్తాం. ఒక్కో ఇంటికి పావుగంట పైనే, ఒక పెద్దమ్మ అయితే "రాసుకో నాయనా, కూర్చుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను" అని మొదలుపెట్టి తన పెళ్ళినాటి బావి నీళ్ళ దగ్గర్నుంచీ చెప్పింది. ఫామ్‌లో ఆ మాటలకి గడే లేదు, అందుకని చివర్లో ఖాళీ పెట్టె ఒకటి చేర్చాం.

నన్నడిగితే ఇంటింటికీ తిరగడమే మేలు, అంత మనుషులు లేకపోతే ముసలివాళ్ళున్న ఇళ్ళకైనా పోవాలి, తర్వాత నీళ్ళ ప్లాంటు దగ్గర కోడ్, గ్రూపు లింకు ఆ తర్వాతే. కోడ్‌లు అట్టానే కట్టి ఉంచాం, లింకు ఆదివారం పొద్దున మళ్ళీ పెడతాం, ఇంకా రెండు వీధులు మిగిలాయి, అవి సాయంత్రం ఎండ తగ్గాక తిరగాలి.