ఎంజీబీ జీటీకి క్యాస్టర్ తగ్గించే వెడ్జ్ కిట్: బిగించి, నడిపి చూశాక

మాది 1972 ఎంజీబీ జీటీ, పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. పవర్ స్టీరింగ్ లేదు, ముందు 185/70 ఆర్14 రేడియల్ టైర్లు. కోవెంట్రీలో సూపర్‌మార్కెట్ పార్కింగులో దీన్ని ఇరుకు సందులోకి తిప్పడం ఎంత కష్టమో ఈ బండి ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. మా ఆయనైతే తాళాలు ముట్టుకోవడమే మానేశారు. అందుకే స్టీరింగ్‌ని తేలిక చేసే ఈ కిట్ తెప్పించాను. ధర ఒకసారి ట్యాంకు నింపే ఖర్చులోపే.

1962లో వచ్చిన ఎంజీబీకి ముందు సస్పెన్షన్ చాలామటుకు దానికి ముందు మోడల్ ఎంజీఏ నుంచి వచ్చిందే. కాయిల్ స్ప్రింగు, కింగ్‌పిన్ (ముందు చక్రం పక్కకి తిరిగే నిలువు ఇరుసు), పై ఆర్మ్ పని కూడా లీవర్ డ్యాంపరే (చేయి ఉన్న పాతరకం షాక్ అబ్జార్బర్) చేస్తుంది. ఇందులో మనం తిప్పి సరిచేసుకోగలిగింది టో-ఇన్ (ముందు చక్రాల ముందు అంచులు కాస్త లోపలికి చూడటం) ఒక్కటే. క్యాంబర్ (చక్రం తల పక్కకి వాలడం, బయటికైతే పాజిటివ్) సుమారు 1 డిగ్రీ పాజిటివ్, క్యాస్టర్ (కింగ్‌పిన్ వాలు) 7 డిగ్రీలు, రెండూ ఫ్యాక్టరీ ఎలా పంపితే అలా ఉండాల్సిందే. మామూలు అలైన్‌మెంట్ షాపుకి తీసుకెళ్తే కంప్యూటర్ మీద అంకెలు చూపించి, టో ఒక్కటి సరిచేసి బిల్లు చేతిలో పెడతారు. వాళ్ళని అని లాభం లేదు.

ఆ 7 డిగ్రీలు సన్నటి క్రాస్‌ప్లై టైర్ల (రేడియల్‌కి ముందటి పాత రకం) రోజుల్లో వేసిన లెక్క. క్యాస్టర్ అంటే కింగ్‌పిన్ తల వెనక్కి వాలి ఉండటం. సైకిల్ ముందు ఫోర్కు వాలు లాంటిదే. మలుపు తిరిగాక చక్రాన్ని మళ్ళీ నేరుగా తెచ్చేది ఇదే. రేడియల్ టైరుకి ఆ గుణం తనలోనే ఎక్కువ. పైగా వెడల్పు కూడా పెంచితే ఇక భారమంతా మన భుజాల మీదే.

కిట్‌లో ఏటవాలుగా కోసిన అల్యూమినియం ముక్కలు వచ్చాయి, వాలు 2 డిగ్రీలు. ఇవి క్రాస్‌మెంబర్‌కీ (ముందు సస్పెన్షన్ మోసే అడ్డదూలం) ఛాసిస్‌కీ మధ్య కూర్చోవాలి, లావు అంచు ముందువైపుకి. అప్పుడు క్రాస్‌మెంబర్ ముందుభాగం కిందికి దిగి, కింగ్‌పిన్ తలలు కాస్త ముందుకొస్తాయి. తిరగేసి పెట్టారో, క్యాస్టర్ తగ్గడం పోయి పెరుగుతుంది. ఇంత సంగతికి వాళ్ళిచ్చిన కాగితంలో ఉన్నది ఏది ముందో ఏది వెనకో తెలియని ఒక్క బొమ్మ. ముక్కల పని మాత్రం నీటుగా ఉంది, అంచుల్లో ఎక్కడా గరుకు లేదు.

ఆ కాగితంలో అసలే లేని విషయం ఇంకోటుంది. స్టీరింగ్ రాక్ (చక్రాలని పక్కకి తిప్పే పళ్ళ కడ్డీ) కూడా ఆ క్రాస్‌మెంబర్ మీదే బిగించి ఉంటుంది. క్రాస్‌మెంబర్ వంగితే రాక్ వంగుతుంది, దాంతో స్టీరింగ్ కాలమ్ కొసన ఉన్న యూనివర్సల్ జాయింటు (కాలమ్‌నీ రాక్‌నీ కలిపే కీలు) వరస తప్పుతుంది. వెడ్జ్‌లు పెట్టాక నా స్టీరింగ్ ఒకచోట తేలిగ్గా, ఒకచోట బిగుతుగా తిరిగింది. కాలమ్ బోల్టులు వదులు చేసి, జాయింటుని దాని దారికి వదిలి, మళ్ళీ బిగిస్తే సరిపోయింది. బ్రేకు గొట్టాలు లాక్కుపోతున్నాయేమో కూడా రెండువైపులా చూసుకోండి.

తగ్గిందో లేదో కొలవడానికి పెద్ద మిషనేం అక్కర్లేదు. ఒక్కో ముందు చక్రం కింద రెండేసి రేకులు, వాటి మధ్య గ్రీజు. చక్రాన్ని ఒకవైపు 20 డిగ్రీలు తిప్పి డిజిటల్ గేజుతో క్యాంబర్ చూడండి, రెండోవైపు 20 తిప్పి మళ్ళీ చూడండి. రెంటి తేడాని ఒకటిన్నరతో హెచ్చవేస్తే ఉజ్జాయింపుగా క్యాస్టర్ వస్తుంది. నాకు ముందు తేడా 4.7, తర్వాత 3.4. అంటే 7 నుంచి 5కి దిగింది, చెప్పిన 2 డిగ్రీలూ నిజమే. చివర్లో టో-ఇన్ మళ్ళీ చూసి, అంగుళంలో పదహారో వంతుకి పెట్టాను. మాన్యువల్ ఇచ్చే హద్దు 1/16 నుంచి 3/32 దాకా.

ఇక నడక. పార్కింగులో తేడా మొదటి మలుపుకే తెలిసిపోయింది. మా ఆయన మళ్ళీ పాల ప్యాకెట్ల వంకతో బండి తీస్తున్నారు. కానీ ఇది ఊరికే రాలేదు. రౌండెబౌట్ దాటాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రావడం మందగించింది. మోటార్‌వే మీద లారీ పక్కనుంచి దూసుకుపోతే ఇదివరకు పట్టించుకునేదాన్ని కాదు, ఇప్పుడు రెండు చేతులూ వేస్తున్నాను. ఇంకోటి, క్యాస్టర్ ఎక్కువుంటే మలుపులో బయటి చక్రం తల లోపలికి వాలి పట్టు ఇస్తుంది. పాజిటివ్ క్యాంబర్‌తో బయల్దేరే ఈ బండికి ఆ సాయం బాగా అవసరం. వంపుల రోడ్ల మీద తోలే సరదా ఉన్నవాళ్ళు దీని జోలికి పోకండి.

మిగతావాళ్ళు కూడా కొనేముందు చక్రాలు గాల్లోకి లేపి కింగ్‌పిన్‌లకి గ్రీజు కొట్టి చూడండి. ఒక్కోవైపు మూడు నిపుల్స్ (గ్రీజు ఎక్కించే మొనలు) ఉంటాయి. పాత గ్రీజు నల్లగా బయటికొచ్చేదాకా కొట్టాలి. ఎండిపోయిన కింగ్‌పిన్ బరువుని కూడా క్యాస్టర్ ఖాతాలో రాసేస్తుంటారు చాలామంది. గ్రీజు, టైర్లలో గాలి, రెండూ సరిగ్గా ఉండి కూడా బరువనిపిస్తేనే ఈ కిట్.

ఐదుకి మూడున్నర. అర మార్కు కోసింది ఆ కాగితానికి. ఆర్డరు పెట్టేటప్పుడు క్రాస్‌మెంబర్ రబ్బరు ప్యాడ్లు కూడా కలిపి తెప్పించుకోండి. పాతవి నొక్కుకుపోయి ఉంటాయి, ఎలాగూ అంతా విప్పుతారు కదా.