రోమన్ల అత్తరుకు ఏ బుడ్డి మేలు: మట్టిదా, అలబాస్టర్‌దా, గాజుదా?

రోమన్లు వాడిన అత్తరు నేటి సెంటులా స్పిరిటుతో చేసినది కాదు; ఆలివ్ వంటి నూనెలలో పూలను, వేళ్లను, చెట్ల జిగురులను ఊరబెట్టి తీసిన తైలం. కాబట్టి ఆ బుడ్డి నూనెను పీల్చకూడదు, ఎండను సోకనీయకూడదు, కొనేవాడికి భారం కాకూడదు.

మట్టి బుడ్డి చవకే గాని, నూనె కుండ బయటికి జిడ్డోడినట్లే అది కూడా తనలో పోసిన తైలాన్ని కొంత తాగేస్తుంది. ఖరీదైన సరుకుకు అది తగదు.

అలబాస్టర్ అనే మెత్తని తెల్లరాతి పక్షాన గట్టి సాక్షి ఉన్నాడు. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు మరణించిన రోమన్ రచయిత ప్లినీ, సుగంధ తైలాలు అలబాస్టర్ పాత్రలలోనే చక్కగా నిలుస్తాయనీ, ఎండ వాటికి చేటు కనుక సీసపు లోహపు పాత్రలలో పోసి నీడన ఉంచుతారనీ రాశాడు. అయితే ఒక్కొక్క బుడ్డినీ రాయి తొలిచి చేయవలసిందే. ఆ శ్రమకు తగ్గ ధర అందరూ ఇచ్చుకోలేరు.

గాజు బుడ్డి కూడా మొదట అపురూపమే. మట్టి ముద్ద చుట్టూ కరిగిన గాజును పట్టించి, చల్లారాక లోపలి మట్టిని గీకి తీసేవారు. క్రీ.పూ. 1వ శతాబ్దంలో సిరియా, పాలస్తీనా ప్రాంతంలో గొట్టంతో ఊదే పద్ధతి పుట్టాక, నిమిషాలలో ఒక బుడ్డి తయారయ్యేది. రోమ్‌లో గాజు పాత్ర ఒక రాగి నాణేనికే దొరుకుతుందని ఆ కాలపు గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో రాశాడు. గాజు నూనెను పీల్చదు, వాసన పట్టదు; సన్నని పొడవాటి మెడ చుక్కచుక్కగా వంచుకోవడానికి వీలిస్తుంది. వెలుతురును ఆపలేకపోవడమే దాని లోపం, కానీ పెట్టెలో పెడితే ఆ బెంగ తీరుతుంది.

రోజూ స్నానశాలకు వెళ్లేవాడికి గాజే మేలని నా అభిప్రాయం. ఏళ్ల తరబడి దాచుకోదలచిన సంపన్నుడికి అలబాస్టర్. అయితే ఏది కొన్నా ముందు బిరడా చూడాలి. స్పెయిన్‌లోని కర్మోనాలో 2019లో బయటపడిన రోమన్ సమాధిలో స్ఫటికపు బుడ్డి ఒకటి దొరికింది. డోలమైట్ రాతి బిరడా బిగించి, చుట్టూ తారు పూసి మూసినందువల్ల, సుమారు 2,000 ఏళ్ల తరువాత కూడా అందులోని శేషాన్ని పరీక్షించి అది పచౌలీ అనే సువాసన మొక్క తైలమని గుర్తించగలిగారు.