సిమ్యులేషన్ ఉండబట్టే టాగుచి పట్టికను ఇంకా వాడుతున్నాను

సిల్వర్ ఇంక్ చుక్కలతో సర్క్యూట్ గీతలు ప్రింట్ చేసే ఇంక్‌జెట్ ల్యాబ్ మాది. ప్రింటర్ కెమెరా చుక్క నాజిల్ దాటాకే చూపిస్తుంది, అసలు గొడవంతా లోపలే జరుగుతుంది. మెనిస్కస్ (నాజిల్ మూతి దగ్గరి ఇంక్ ఉపరితలం) ఎంత వెనక్కి పోయింది, చుక్క తోక ఎక్కడ సన్నబడింది అన్నది ఓపెన్‌ఫోమ్ అనే ద్రవ ప్రవాహాల సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో కళ్లారా చూడొచ్చు. నాకు అది నచ్చింది అందుకే.

తక్కువ ప్రయోగాలతో మంచి సెట్టింగ్ వెతికిపెట్టే టాగుచి ఎల్9 పట్టికను మొదట్లో తెగ పొగిడాను. వోల్టేజ్, పల్స్ వెడల్పు (ఆ వోల్టేజ్ ఎంతసేపు ఉంటుందన్నది), ఫ్రీక్వెన్సీ, నాజిల్ టెంపరేచర్, ఒక్కోదానికి 3 స్థాయిలు. 81 ప్రయోగాల పని 9తో తేలిపోతుంది. కానీ 4 నిలువు వరుసలూ వాటితోనే నిండిపోతాయి. ఒకదాని ప్రభావం ఇంకోదాన్ని బట్టి మారితే, ఆ సంగతి చెప్పడానికి పట్టికలో చోటుండదు.

అదే మా కొంప ముంచింది. పట్టిక 'బెస్ట్' అన్న సెట్టింగ్ పెట్టి ప్రింట్ తీస్తే గీతల పక్కనంతా శాటిలైట్ మచ్చలు (చుక్క తోక తెగి విడిగా పడేవి), రెండు గీతల మధ్య షార్ట్. హెడ్ కడిగాం, ఇంక్ మళ్లీ వడగట్టాం, అదే తంతు. చివరికి ఆ సెట్టింగే సిమ్యులేషన్‌కి ఇస్తే విషయం బయటపడింది. పల్స్ వెడల్పు ఛానెల్లో పీడన తరంగం తిరిగే సమయానికి సరిగ్గా కుదిరింది. అలా కుదిరితే తక్కువ వోల్టేజ్ చాలు. పట్టికేమో అన్ని వెడల్పులకూ సగటు తీసి ఎక్కువ వోల్టేజే మేలంది. ఆ వెడల్పు, ఎక్కువ వోల్టేజ్ కలిసిన జంట పట్టికలో ఒక్కసారే వచ్చింది, అదీ నాజిల్ చల్లగా, ఇంక్ చిక్కగా ఉన్న వరుసలో. అందుకే తోక తెగడం అక్కడ కనిపించలేదు. వోల్టేజ్ ఒక మెట్టు దించగానే తోక తలలో కలిసిపోయింది, గీత శుభ్రంగా వచ్చింది.

అయితే ఇదంతా ఇంక్ నొక్కుకుపోవడాన్ని లెక్కలోకి తీసుకునే సాల్వర్‌తోనే (సిమ్యులేషన్‌లో లెక్క కట్టే ప్రోగ్రామ్). ఓపెన్‌ఫోమ్‌లోని మామూలు సాల్వర్ ఇంటర్‌ఫోమ్‌లో ఇంక్ నొక్కుకుపోదు కాబట్టి పీడన తరంగమే ఉండదు. పైగా మేం స్నిగ్ధతకి, అంటే ఇంక్ చిక్కదనానికి, ఇచ్చేది ఒకే అంకె. సిల్వర్ ఇంక్ అంత బుద్ధిగా ఒకే చిక్కదనంతో ఉండదు కాబట్టి చుక్క వేగం విలువను నేను నమ్మను, పెరుగుతోందా తగ్గుతోందా అన్నదే చూస్తాను.

ఇంక్ తరచూ మార్చే మాలాంటి వాళ్లకి పట్టిక, సిమ్యులేషన్‌ల ఈ జత పనికొస్తుంది. రోజూ ఒకే ఇంక్ వాడేవాళ్లకి ఇంత తలనొప్పి దండగ. మాకు ఖాళీగా ఉండే వర్క్‌స్టేషన్, సిమ్యులేషన్ మెష్‌తో (లెక్క కోసం వేసే గళ్ల వలతో) కుస్తీ పట్టే జూనియర్ ఉన్నారు కాబట్టి నడుస్తోంది. ఇప్పుడు టెంపరేచర్, ఫ్రీక్వెన్సీ కదపకుండా ఆ 9 రన్‌లనూ వోల్టేజ్, పల్స్ వెడల్పులకే ఖర్చు పెడుతున్నాను, ఒకదాన్ని బట్టి ఇంకోటి ఎలా మారుతుందో అప్పుడు కనిపిస్తుంది.