ఒడ్డున కూర్చోవాలా, పడవెక్కాలా?

సరస్సులో గాలం వేయాలంటే పడవ ఉండాల్సిందే అనుకుంటారు చాలామంది. బాస్, బ్లూగిల్, క్యాట్‌ఫిష్ లాంటి వెచ్చని నీటి చేపలకైతే, అదీ వసంతంలో, నా ఓటు ఒడ్డుకే. నీళ్లు 16 నుంచి 20 డిగ్రీల సెల్సియస్‌కి చేరేసరికి లార్జ్‌మౌత్ బాస్ గుడ్లు పెట్టడానికి లోతు తక్కువ చోటికి వచ్చేస్తుంది, ఇంకాస్త వేడెక్కాక బ్లూగిల్ కూడా వస్తుంది. మోకాలి లోతు నీళ్లలో పళ్లెమంత గుంటలు పక్కపక్కనే కనిపించాయా, అవి బ్లూగిల్ గూళ్లే. పడవలో వెళితే తెడ్డు చప్పుడుకే చేపలు చెదిరిపోతాయి. ఒడ్డునైనా మెల్లగా నడవాలి, మన నీడ నీళ్ల మీద పడకూడదు.

నడి వేసవిలో లెక్క మారుతుంది. ఎండెక్కాక పెద్ద చేపలు నాచు అంచుకి జరుగుతాయి, ఒడ్డు నుంచి విసిరితే అక్కడికి అందదు, అందినా దారం నాచులో చిక్కుకుని దాన్ని విడిపించడానికే సగం పొద్దు పోతుంది. పడవైతే ఆ అంచు వెంబడే మెల్లగా జరుగుతూ వేయొచ్చు. అలాగని పడవుంది కదా అని మరీ లోతుకి పోకండి: లోతైన సరస్సుల్లో వేసవిలో పైనున్న వేడి నీరు, అడుగున ఉన్న చల్లటి నీరు కలవవు, దాంతో చాలాచోట్ల అడుగున ఆక్సిజన్ తగ్గిపోయి చేపే ఉండదు.

గాలి లేస్తే పడవతో టెన్షన్, లైఫ్ జాకెట్ ఒంటి మీంచి తీయొద్దు.

క్యాట్‌ఫిష్‌కి మాత్రం పడవ దండగ. చీకటి పడ్డాక ఒడ్డు దగ్గరికి అదే మేతకొస్తుంది, వానపాము గుచ్చి అడుగుకి వదిలి కూర్చోవడమే, దోమల్ని తట్టుకోగలిగితే.