పాంచో విలా వెంట వెళ్లిన ఆరుగురు
ఫెర్నాండో దె ఫ్యుయెంతెస్ 1935లో తీసిన మెక్సికన్ సినిమా ‘వామొనోస్ కొన్ పాంచో విలా’ చూసేముందు మీ కాపీలో ముగింపు ఏదో సరిచూసుకోండి. మామూలు కాపీలో, మెక్సికో విప్లవ నాయకుడు పాంచో విలా సైన్యంలో చేరిన ఆరుగురిలో ఒకడైన తిబుర్సియో చీకట్లో పట్టాల వెంట ఒంటరిగా వెళ్లిపోతాడు. అప్పట్లో పక్కన పెట్టేసి, దశాబ్దాల తర్వాత బయటపడ్డ ముగింపులో విలా అతని ఇంటికొచ్చి భార్యనీ కూతుర్నీ చంపేస్తాడు. దీన్ని రెండోసారికి ఉంచండి, దెబ్బ గట్టిగా తగులుతుంది.

సైనికుల్నీ రైళ్లనీ ప్రభుత్వమే ఇచ్చింది, యుద్ధం కళ్లకు కట్టినట్టుంటుంది. కానీ ప్రాణమంతా సారాకొట్టు సీన్‌లోనే. బల్ల చుట్టూ 13 మంది. ఆ లెక్క అచ్చిరాదని దీపాలార్పి, పిస్తోలు పైకి విసురుతారు, అది కిందపడి పేలి ఎవరికి తగిలితే వాళ్లు పోయినట్టే. అక్కడ పియానో వాయించేది సంగీత దర్శకుడు సిల్వెస్త్రె రెవ్వెల్తాసే! పాత శబ్దం, హెడ్‌ఫోన్ తప్పనిసరి.